ఛాయాచిత్రము వెనుక నాలుగు మాటలు

మా ఇంటిలో ఒక పాత ఛాయాచిత్రము కలదు. అరచేతిలో ఇమిడిపోవునంత చిన్నది. అంచులు పసుపువన్నెకు తిరిగినవి. ఒక మూల చిరిగినది. 1961వ సంవత్సరము క్రిస్మసు సెలవులలో మా తాతగారు తమ కుటుంబమును, ఇరుగింటి మిత్రుని కుటుంబమును వెంటబెట్టుకొని మెదకు వెళ్ళినప్పుడు, అచ్చటి పెద్ద చర్చి ముందు తీసిన పటము అది. నడుమ మా అమ్మమ్మ నిలుచుండి యున్నది. ఆమె చంకలో నాలుగేండ్ల మా మేనమామ, ఆమె ముందు పదేండ్ల మా అమ్మ. అటు ఒక పిల్ల, ఇటు ఒక పిల్ల. ఇద్దరిదీ ఒకే ఎత్తు. ఒకే తాను నుండి కత్తిరించి కుట్టించిన గౌన్లు. జడలకు ఒకే తీరు రిబ్బన్లు. నడినెత్తిన ఎండ. ముఖములు శనగగింజలంత.

ఆ ఇద్దరిలో ఒకతె మా అమ్మకు చెల్లెలు. నాకు చిన్నమ్మ కావలసిన పిల్ల. మరుసటి సంవత్సరమే జ్వరము వచ్చి చనిపోయెను. ఆమె రూపము నిలిచియున్న పటము లోకములో ఇది యొక్కటే. రెండవ పిల్ల ఇరుగింటివారి అమ్మాయి. వారికి బదిలీ అయి ఏ ఊరు వెళ్ళిరో తరువాత ఎవరికిని తెలియదు.

ఇద్దరిలో మా చిన్నమ్మ ఎవరు? "ఎడమ దిక్కున్నది మా చెల్లె" అని మా అమ్మ. "కాదక్కా, కుడి దిక్కున్నది చిన్నక్క. నాయిన నాకు స్వయంగా చెప్పిండు" అని మా మామ. దసరాకు జమ్మి చూచి వచ్చి అందరము చాపపై కూర్చున్నప్పుడెల్ల ఈ వాదము లేచుచుండెను. పటము వెనుక త్రిప్పి చూతుమా, తెల్లని కాగితము. ఒక్క అక్షరము లేదు.

ఈ చిన్న వాదము నన్ను ఒక పెద్ద విషయము వైపు నడిపించినది. మనము యాత్రలు చేయుదుము. గుడులు, చర్చీలు, కొండలు చూతుము. చూచినదానిని ఇంటనున్నవారికి, స్నేహితులకు చూపవలెనని కోరుదుము. ఈ కోరిక ఎంత పాతది? దానికి ఛాయాచిత్రము ఎట్లు సాధనమాయెను? దానివలన మనకు దక్కినదేమి, దక్కక జారిపోయినదేమి? శ్రోతలతో ఈ మాటలు ముచ్చటించుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

కెమేరా పుట్టకముందు యాత్రను పంచుకొనుటకు మాటయే సాధనము. తెలుగువారిలో ఈ పనిని అందరికంటె చక్కగా చేసినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఉద్యోగి. ఆయన 1830వ సంవత్సరము మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరెను. తిరుపతి, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా సాగిన ఆ దారిలో తాను చూచిన ఊళ్ళు, ఏరులు, సత్రములు, అంగళ్ళు, జనుల ఆచారములు అన్నియు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళ అను మిత్రునకు వ్రాసి పంపుచుండెను. మిత్రుడు వానిని భద్రపరచెను. వీరాస్వామయ్య 1836లో గతించిన పిదప, 1838లో ఆ మిత్రుడే వానిని కాశీయాత్ర చరిత్రగా అచ్చు వేయించెను.

ఈ కథలో రెండు సంగతులు గమనింపదగినవి. వ్రాసినవాడు ఏ ఊరు, ఏ దినము అని గుర్తుంచుకొని వ్రాసెను. అందుకొన్నవాడు పారవేయక దాచెను. ఈ రెండును కలిసినందుననే దాదాపు 200 ఏండ్ల నాటి ప్రయాణము నేటికిని మన కన్నుల ముందున్నది. యాత్రను పంచుకొనుటలో చూపువాని శ్రద్ధ ఎంత అవసరమో, దాచువాని శ్రద్ధయు అంతే అవసరము.

ఆ గ్రంథము అచ్చయిన మరుసటి సంవత్సరమే, అనగా 1839లో, ఫ్రాన్సుదేశమున దగేర్ అను నాతని పద్ధతి లోకమునకు వెల్లడి యాయెను. వెండిపూత పూసిన రాగిరేకు మీద వెలుతురు తనంత తానే బొమ్మ వ్రాయునట్టి పద్ధతి అది. బొమ్మ మిక్కిలి స్పష్టము. కాని రెండు లోపములు. ఒక రేకునకు ఒకటే బొమ్మ. రెండవ ప్రతి తీయుటకు వీలులేదు. రెండవది, అద్దములో వలె కుడియెడమలు తారుమారగుచుండెను. అదే కాలమున ఇంగ్లండులో టాల్బటు అను శాస్త్రజ్ఞుడు కాగితము మీద నెగెటివు తీసి, దానినుండి ఎన్ని ప్రతులనైనను ముద్రించు ఉపాయమును కనుగొనెను. పటమును పదిమందికి పంచవచ్చునను మాట ఈ నెగెటివుతోనే పుట్టినది. మా ఇంటి వాదమునకు మూలమును ఈ నెగెటివులోనే యున్నదని నాకు చాల కాలమునకు గాని తెలియలేదు. ఆ సంగతి చివర చెప్పెదను.

మన దేశమునకు ఈ విద్య త్వరలోనే వచ్చెను. చెన్నపట్టణపు ప్రభుత్వము కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ అను సైనికోద్యోగిని ఛాయాచిత్రకారునిగా నియమించుకొనెను. ఆయన 1858లో చెన్నపట్టణపు మ్యూజియములో నున్న అమరావతి శిల్పములను ఫోటోలు తీసెను. కృష్ణాతీరపు ఆ సున్నపురాతి శిల్పములను వాల్టర్ ఎలియట్ అను దొర 1845లో త్రవ్వించి చెన్నపట్టణమునకు చేర్పించియుండెను. 1859లో వానిలో అనేకములు ఓడ నెక్కి లండను చేరినవి. రాళ్ళు సముద్రము దాటకముందు వాని రూపమును పట్టి నిలిపినవి ఆ పటములే. తెలుగునాటి కళ తన దేశమును విడుచుటకు ముందు తీయించుకొన్న వీడ్కోలు చిత్రములని వానిని చెప్పవచ్చును.

ఆ రోజులలో ఛాయాచిత్రము తీయుట సామాన్యమైన పని కాదు. గాజుపలక మీద జిగట ద్రవము పూయవలెను. వెండి లవణపు నీటిలో ముంచవలెను. తడి ఆరకముందే కెమేరాలో పెట్టి బొమ్మ పట్టవలెను. వెంటనే చీకటి డేరాలోనికి పరుగెత్తి కడుగవలెను. మన ఎండలో పలక ఎంతసేపు తడిగా నుండును? పెట్టెలు, సీసాలు, డేరా, గాజుపలకలు అన్నియు ఎడ్లబండ్ల మీద మోయించుకొని పోవలెను. కనుక అది ప్రభుత్వమునకును ప్రభువులకును చెల్లిన వేడుక. సంసారి యాత్రికునకు అందునది కాదు.

తరువాత ఆరిన పలకలు వచ్చినవి. డేరా అవసరము తప్పినది. ఆ కాలమున మన నిజాము రాజ్యమునకు వచ్చిన మహాచిత్రకారుడు లాలా దీన్‌దయాళు. ఆయన 1844లో మీరటు సమీపమున సర్ధనా అను ఊర జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వ కొలువు చేయుచు సరదాగా ఫోటోగ్రఫీ నేర్చుకొనెను. సరదా వృత్తి యాయెను. ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా చేసికొని, రాజా బహద్దూరు ముసవ్వర్ జంగ్ అను బిరుదముతో గౌరవించెను. ముసవ్వర్ అనగా చిత్రకారుడు.

1886లో రైలుమార్గము సికిందరాబాదు నుండి వరంగల్లు వరకు వచ్చెను. 1889లో బెజవాడను చేరెను. కాకతీయుల రాజధాని, శతాబ్దముల మరుపు పిదప, మరల ప్రయాణికుల దారిలో పడినది. దీన్‌దయాళు కెమేరా మన ఊరికిని వచ్చినది. నిజాము రాజ్యపు దృశ్యములని ఆయన కూర్చిన చిత్రములలో హనుమకొండ వేయిస్తంభముల గుడి కలదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిని నేడు మనము చూచుట వేరు. ఆ పటములలో చూచుట వేరు. అందు పూలమ్మువారు లేరు, చెప్పులు విడుచు స్థలము లేదు, ఇనుపకంచె లేదు. నల్లరాతి నునుపు మీద వెలుతురు మాత్రము కలదు.

దీన్‌దయాళు మరియొక మంచి పని చేసెను. 1892 ప్రాంతమున హైదరాబాదులో ఘోషా స్త్రీల కొరకు ప్రత్యేకముగా ఒక స్టూడియో నెలకొల్పి, ఒక ఆంగ్లస్త్రీ చేతికి దానిని అప్పగించెను. అంతవరకు కుటుంబపు పటములో తల్లికిని కూతురికిని చోటు లేదు. ఘోషా ఇంటి స్త్రీ తన ముఖమును కాగితము మీద చూచుకొనుటకు ఆ ఏర్పాటు తోడ్పడెను.

ఆయన 1905లో మరణించెను. ఆయన సంస్థ తీసిన గాజు నెగెటివులలో 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధి జాతీయ కళాకేంద్రము 1989లో సేకరించెను. గాజుపలక ఎంత సుకుమారమైన వస్తువో మనకు తెలియును. అవి వందేండ్లు పగులక నిలుచుటకు దాచిన చేతుల జాగ్రత్తయే కారణము. వీరాస్వామయ్య మిత్రుని మాట ఇక్కడను వర్తించును.

ప్రభువుల చేతినుండి ఛాయాచిత్రము సంసారుల చేతికి ఎట్లు వచ్చినది? 1888లో అమెరికాలో ఈస్టుమన్ అను నాతడు కోడక్ అను కెమేరాను అమ్మకమునకు పెట్టెను. దానిలో గాజుపలక లేదు. చుట్టగా చుట్టిన ఫిల్ము. నూరు బొమ్మలు తీసి పెట్టెను కర్మాగారమునకు పంపినచో వారే కడిగి, పటములు ముద్రించి, క్రొత్త ఫిల్ము నింపి తిరిగి పంపుచుండిరి. 1900లో అదే సంస్థ బ్రౌనీ అను అట్టపెట్టె కెమేరాను ఒక్క డాలరునకే అమ్మెను. పిల్లలు సైతము మీట నొక్కి బొమ్మ తీయగలిగిరి. మన దేశములోను ఈ పెట్టె కెమేరాలు వ్యాపించినవి. తరువాతి కాలమున మధ్యతరగతి ఇండ్లలో ఆగ్ఫా క్లిక్ అను కెమేరా అందరికిని ఎరుకయే. 1960లో ప్రభుత్వమే ఉదకమండలమున హిందుస్థాన్ ఫోటో ఫిల్ముల సంస్థను స్థాపించెను. ఇందు అను పేరుతో అచ్చటి ఫిల్ములు వచ్చినవి.

అయినను ఫిల్ము ఖరీదైనదే. పెట్టె కెమేరాలో ఒక చుట్టకు ఎనిమిది బొమ్మలు. కనుక నొక్కుటకు ముందు పదిమార్లు ఆలోచించుచుండిరి. "కదలకుండ్రి" అని కేక. పిల్లలు ఊపిరి బిగబట్టుట. పెద్దలు చేతులు చాచి నిటారుగా నిలుచుట. ఆనాటి పటములలో ఎవ్వరును నవ్వరేమని నేటి పిల్లలు అడుగుదురు. నవ్వు లేక కాదు. ఎనిమిదింటిలో ఒకటి చెడిపోవునేమో నను భయము.

మా తాతగారు బడిపంతులు. కెమేరా ఆయనది కాదు. స్నేహితుని వద్ద ఎరువు తెచ్చినది. కాజీపేటలో రైలెక్కి సికిందరాబాదులో దిగి, అచ్చటినుండి బస్సులో మెదకు చేరిరట. ఆ చర్చిని చూచుటకు నాడును నేడును మతభేదము లేక జనులు పోవుచుందురు. దాని చరిత్ర తెలిసికొనదగినది.

చార్లెసు వాకర్ పాస్నెటు అను వెస్లియన్ మిషనరీ గత శతాబ్దికి ముందటి శతాబ్ది తుదియందు మెదకు వచ్చి స్థిరపడెను. అప్పుడు అచ్చట ప్రార్థనకు చిన్న మందిరమే యుండెను. ఆయన సంకల్పించిన పెద్ద ఆలయపు పని 1914లో మొదలై పదేండ్లు సాగెను. అవి యుద్ధపు దినములు, కరవు దినములు. ఆకలిగొన్న జనులకు ఊరక దానమిచ్చుటకంటె పని యిచ్చి కూడు పెట్టుట గౌరవమని పాస్నెటు భావించెను. చుట్టుప్రక్కల గ్రామముల వారు రాళ్ళు మోసిరి, సున్నము నూరిరి, గోడలు లేపిరి. 1924 డిసెంబరు 25న ఆలయము ప్రతిష్ఠ చేయబడెను. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటగోపురపు ఎత్తు 175 అడుగులు. ఇంగ్లండులోని బోల్టను పట్టణపు శిల్పుల రూపకల్పన. మెదకు కూలీల చెమట.

లోపల మూడు దిక్కుల రంగుటద్దముల కిటికీలు కలవు. ఫ్రాంక్ సాలిస్‌బరీ అను చిత్రకారుని కూర్పు. క్రీస్తు ఆరోహణమును చూపునది 1927లోను, జననమును చూపునది 1947లోను, సిలువను చూపునది 1958లోను అమర్చబడినవి. వెలుపలి ఎండ వాని గుండా లోనికి వచ్చినప్పుడే బొమ్మ కనబడును. ప్రొద్దు క్రుంకినచో అద్దము నల్లబడును. మా వారు వెళ్ళునాటికి మూడు కిటికీలును పూర్తియైయున్నవి. "ఆ నీలిరంగు అట్లాంటిది నేను మల్ల చూడలేదు" అని మా అమ్మ చెప్పుచుండెను. కాని తాతగారి కెమేరాకు రంగు తెలియదు. లోపలి మసక వెలుతురు చాలదు. కనుక ఆ నీలిరంగు ఏ పటములోను లేదు. అది మా అమ్మ మాటలో మాత్రమే యుండెను.

చర్చి చూచిన పిదప వారు మెదకు కోట నెక్కిరి. కాకతీయుల నాడు మొదలై కుతుబుషాహీల కాలమున విస్తరించిన దుర్గమది. కొండమీద నుండి చూడగా చర్చి గోపురము పొలముల నడుమ నిలువుగా లేచి కనబడునట. అచ్చట తీసిన బొమ్మలో పిల్లలు రాతిమెట్ల మీద చెప్పులు చేతబట్టుకొని కూర్చున్నారు. అది కొంత కదలినది, పోలికలు తెలియవు.

కొండ నెక్కినవాడు పటము కోరుట సహజము. ఎక్కిన కష్టమునకు సాక్ష్యము కావలెను గదా! కాజీపేట నుండి సికిందరాబాదు పోవు రైలులో కూర్చున్నవారికి భువనగిరి వద్ద ఏకశిలగా లేచిన గుట్ట కనబడును. త్రిభువనమల్ల బిరుదాంకితుడైన చాళుక్య విక్రమాదిత్యుని పేర వెలసిన దుర్గమది. ఎత్తు సుమారు 500 అడుగులు. మా బాల్యమున బడి నుండి విహారయాత్ర యనగా చాలమారులు ఆ గుట్టయే. నేడు అచ్చట శిలారోహణ విద్య నేర్పుచున్నారు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ ఆ రాళ్ళ మీదనే తొలి అడుగులు నేర్చి, 2014 మే 25న ఎవరెస్టు శిఖరము నెక్కినది. అప్పటికి ఆమె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. ఆమెతో పాటు ఖమ్మము జిల్లా బాలుడు ఆనందకుమారును శిఖరము చేరెను.

ఎవరెస్టు మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పవలెను. 1953 మే 29న ఆ శిఖరమును మొదట ఎక్కినవారు హిల్లరీ, తేన్‌సింగు. శిఖరము మీద గొడ్డలి నెత్తి పట్టుకొని నిలిచిన తేన్‌సింగు చిత్రమును లోకమంతయు చూచినది. కాని శిఖరము మీద హిల్లరీ పటము లేదు. కెమేరా ఆయన చేతిలో నుండెను. తీసినవాడు పటములో నుండడు.

మా తాతగారి ఎనిమిది బొమ్మలలోను తాతగారు లేరు. ఎరువు కెమేరా చెడిపోవునేమో నను భయముతో ఇంకెవ్వరి చేతికిని ఈయలేదట. మెదకు యాత్రకు అందరిని తీసికొనిపోయినది ఆయనయే. యాత్ర పటములలో లేనిదియు ఆయనయే. చర్చి ముందు తీసిన పటమున క్రిందిభాగములో నేల మీద ఒక పొట్టి నీడ పడియున్నది. అది ఆయన నీడ యని మా అమ్మ చూపుచుండెను. మీ ఇండ్లలోని పటములు తీసి చూడుడు. ప్రతి ఇంటిలోను ఇట్టి ఒకరు లేకుండ పోయియుందురు.

ఇక పటములకు గల మరియొక విలువ. నాగార్జునకొండ లోయను చూడగోరువారికి నేడు ఆ లోయ లేదు. అచ్చటి ఇక్ష్వాకుల నగరము 1926లో బయల్పడెను. నాగార్జునసాగరపు ఆనకట్టకు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగెను. నీరు నిండకముందే 1954 నుండి 1960 వరకు పురావస్తుశాఖవారు లోయ నంతయు త్రవ్వి, కొన్ని కట్టడములను కొండపైకి చేర్చి, మిగిలిన వానిని కొలిచి పటములు తీసిరి. ఇప్పుడు ఆ వీథులు నీటిక్రింద నున్నవి. ఆ లోయ ఎట్లుండెనో తెలుపుటకు పటములును, నాడు దానిని నడిచి చూచిన వృద్ధుల మాటలును మిగిలినవి.

అంత దూరము పోనక్కరలేదు. మన వేయిస్తంభముల గుడి యెదుటి కల్యాణమంటపమును బాగుచేయుటకై 2006 ప్రాంతమున విప్పిరి. రాళ్ళకు సంఖ్యలు వేసి ప్రక్కన పేర్చిరి. పని ఏండ్ల తరబడి సాగి, 2024 మార్చిలో మహాశివరాత్రి నాడు మంటపము మరల ప్రజలకు తెరువబడెను. నడుమ పదునెనిమిది ఏండ్లలో హనుమకొండలో పుట్టిన పిల్లలు మంటపము నెరుగకయే పెద్దవారైరి. వారికి తల్లిదండ్రులు చూపినది పెండ్లినాటి పటమో, సెలవులనాటి పటమో. "ఇదిగో, మేము నిలుచున్న చోటు" అని. ఎవ్వరును గొప్ప చిత్రకారులు కారు. గుడికొరకు తీసిన పటములును కావు. మనుష్యుల కొరకు తీసిన పటములలో గుడి వెనుక నిలిచి, తానును భద్రముగా నుండినది.

ఇప్పుడు మా ఇంటి వాదమునకు వచ్చెదను.

మా అమ్మ గతించినది. సంవత్సరీకమునకు మామ వచ్చినప్పుడు తన ట్రంకుపెట్టె అడుగునుండి తన ప్రతిని తీసికొని వచ్చెను. ఆయన చదువుకై హైదరాబాదు పోవునప్పుడు తాతగారు అదే నెగెటివు నుండి వేరొక స్టూడియోలో మరియొక ప్రతి తీయించి యిచ్చిరట. "కుడి దిక్కున్నది మీ చిన్నక్క" అని చెప్పి యిచ్చిరట. అన్ని ఏండ్లలో ఆ రెండు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెనను ఆలోచన ఎవ్వరికిని రాలేదు. ఒకే నెగెటివు, ఒకే పటము అను ధైర్యము!

ఆ దినము రెండింటిని చాపమీద పెట్టితిమి. చాలసేపు ఏమియు తోచలేదు. చర్చికి నడుమ గంటగోపురము, ఇరువైపుల ఒకే తీరు. అమ్మమ్మ నడుమనే, అమ్మ నడుమనే. అప్పుడు మా చెల్లెలు, "అమ్మమ్మ పైట జూడుండ్రి" అన్నది. మా అమ్మ ప్రతిలో పైట ఎడమ భుజము మీద, మామ ప్రతిలో కుడి భుజము మీద నున్నది. చంకలోని పిల్లవాడు ఒకదానిలో ఒక వైపు, రెండవదానిలో రెండవ వైపు నున్నాడు.

ఫిల్మునకు రెండు ముఖములుండును. మందు పూసిన ముఖమును కాగితము వైపు పెట్టి ముద్రింపవలెను. తిరుగవేసి పెట్టినచో దగేర్ నాటి రేకు వలె కుడియెడమలు తారుమారగును. ఆ రెండవ స్టూడియోవారు పరాకున నెగెటివును తిరుగవేసిరి. తాతగారు తన బిడ్డ ముఖము చూచి "కుడి" అనిరి. అమ్మ తన ప్రతి చూచి "ఎడమ" అనెను. ఇద్దరును చూపినది ఒకే పిల్లను! నలుబది ఏండ్లకు పైగా అక్కాతమ్ములు వాదించుకొన్నది లేని భేదము కొరకు.

మామ చాలసేపు మాటాడలేదు. తరువాత, "అక్క ఉన్నప్పుడు తెచ్చియుంటే బాగుండు" అని మాత్రము అనెను. ఆ సాయంకాలము ఆయనయే మెత్తని పెన్సిలుతో రెండు పటముల వెనుక చిన్నక్క పేరు, ఊరు, సంవత్సరము వ్రాసెను. తన ప్రతి వెనుక, "ఇది తిరుగబడినది" అనియు వ్రాసెను.

నేడు ఫిల్ము లేదు. చేతిలోని ఫోనులో వేల పటములు. కొండ దిగకముందే శిఖరపు పటము అమెరికాలోని అన్నగారికి చేరుచున్నది. ఎనిమిదింటి భయము పోయినది, మంచిదే. కాని వీరాస్వామయ్య వ్రాసిన ఊరు, దినము, సంగతి ఎవరు వ్రాయుచున్నారు? ఫోను దినమును గుర్తుంచుకొనవచ్చును. అమ్మమ్మ ప్రక్కన నిలుచున్న పిల్ల ఎవరో అది చెప్పదు. చర్చి కిటికీలోని నీలిరంగు చూచి అమ్మ ఏమన్నదో చెప్పదు. పటము తీసినవా రెవరో అసలే చెప్పదు.

కనుక శ్రోతలకు నా మనవి యొక్కటే. ఈ సెలవులలో పాత పటముల పెట్టె దింపుడు. ఇంటి పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ఒక్కొక్క పటమును వారి చేతికిచ్చి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, తీసినదెవరు అని అడుగుడు. మెత్తని పెన్సిలుతో, అదిమిపెట్టక, వెనుక నాలుగు మాటలు వ్రాయుడు. సిరా కలము వలదు. అది ముందువైపునకు ఊరును. తేమ తగలని చోట దాచుడు. ఫోనులోని పటములలో మంచివి పదింటిని ఏరి అచ్చు వేయించి, వానికిని ఇట్లే చేయుడు.

పెద్దలున్న దినములలోనే ఈ పని జరుగవలెను. మా ఇంట అది ఒక సంవత్సరము ఆలస్యమైనది.